ఆ గొళ్లెం దేన్ని పట్టుకుని ఉంది?

పాత అంబాసిడర్లు, ఫియట్లు ఇంకా ఇంట్లో ఉంచుకున్నవాళ్లకు ఇది హెచ్చరిక. వెనక సీటు పీకించి ఈ కాలపు కార్లలోని మడత సీటు వేయించడానికి బయానా ఇచ్చి ఉంటే, పని ఆపమని ఇవాళే షెడ్డుకు ఫోను చేయండి. ఇప్పటికే వేయించేసి ఉంటే, బిగింపు ఎలా ఉందో తెలిసిన ఇంజనీరు చూసేదాకా ఆ సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టకండి. డిక్కీలో బరువులు పెట్టకండి. మిగతా సంగతులు నింపాదిగా చదవచ్చు.

ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. కుర్లాలో ఫియట్ 1100గా మొదలై ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న కారు అంతకు చాలా ముందే నిలిచిపోయింది. ముంబయి రోడ్ల మీది ఆఖరి పద్మిని టాక్సీకి కూడా 2023 అక్టోబరులో కాలం చెల్లింది. కాబట్టి ఇప్పుడు మన ఊళ్లలో తిరుగుతున్న ప్రతి బండీ ఎవరో ఒకరు పట్టుబట్టి బతికించుకున్నదే. తాతగారి కారనో, నాన్నగారి మొదటి కారనో దాన్ని వదులుకోలేరు. కొందరు పెళ్లి ఊరేగింపులకూ సినిమా షూటింగులకూ అద్దెకిస్తారు. ఆ మమకారాన్ని మేం తప్పుబట్టడం లేదు. చిక్కంతా సీటు దగ్గర వస్తోంది. లోపల స్ప్రింగులు, పైన కొబ్బరి పీచు, ఆపైన రెక్సిన్. నలభై ఏళ్లు మోశాక ఆ సీటు గుంటపడిపోతుంది. హెడ్‌రెస్ట్ ఉండదు. అధికారుల కార్లలో తెల్ల టర్కీ టవలు కప్పి ఆ లోపాలన్నీ దాచేవారు గానీ, నడుం నొప్పిని టవలు దాచలేదు కదా.

దానికి మందుగా ఇప్పుడు షెడ్లలో దొరుకుతున్నది తుక్కు కార్ల నుంచి ఊడదీసిన సీటు. ప్రమాదంలో ముందు భాగం నుజ్జయిన కొత్త కారులో వెనక సీటు చెక్కుచెదరకుండా ఉంటుంది. రెండు ముక్కలుగా మడత పడుతుంది, హెడ్‌రెస్టులుంటాయి, మధ్యలో చేయి ఆన్చుకునే దిమ్మ ఉంటుంది. మడిస్తే డిక్కీ, క్యాబిన్ ఒకటైపోయి సైకిలో నిచ్చెనో పట్టేంత చోటు. కొత్త సీటు కట్టించడం కన్నా చవక కూడా. వినడానికి బాగానే ఉంది. మేస్త్రీ వేళ్లు తిరిగిన పనివాడైతే చూడ్డానికి కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చినంత నున్నగా ఉంటుంది. ప్రమాదం ఆ నునుపు కిందే దాక్కుంది.

ఎందుకో చెప్పాలంటే మడత సీటు ఎలా నిలబడుతుందో చూడాలి. బ్యాక్‌రెస్ట్ అడుగున కీలు, పైమూలలో గొళ్లెం. సీటును నిలబెట్టినప్పుడు ఆ గొళ్లెం ‘టక్’మని వెళ్లి కారు బాడీకి ఉన్న ఒక కడ్డీని పట్టుకుంటుంది. కొన్ని కార్లలో గొళ్లెం బాడీకీ కడ్డీ సీటుకూ ఉంటాయి, సూత్రం ఒకటే. సీటు వచ్చిన కారులో ఆ కడ్డీ ఊరికే అతికించింది కాదు. చక్రం పైభాగాన ఉండే గూడు దగ్గర, రెండు మూడు పొరల రేకును ఒకదానిమీద ఒకటి కూర్చి, లాగుడు ఎటు నుంచి వస్తుందో లెక్కగట్టి, కూర్చోబెట్టిన కడ్డీ అది. సీటు బలంలో పెద్ద వాటా ఆ రేకుదే. తుక్కు దుకాణం మీకు అమ్మింది సీటును, కీలును, గొళ్లేన్ని. ఆ రేకును మాత్రం కొలిమికి పంపేసింది.

మరి మీ అంబాసిడర్‌లో గొళ్లెం దేన్ని పట్టుకుంటోంది? లోపలి ప్యానెల్‌కు వెల్డింగ్ చేసిన చిన్న ఇనప కడ్డీనో, ఎల్ యాంగిల్ ముక్కనో పట్టుకుంటోంది. ఆ ప్యానెల్ మందం ఏ మిల్లీమీటరో ఉంటుంది. తడిక గోడకు ఇనప తలుపు బిగించినట్టన్నమాట. తలుపు ఎంత గట్టిదైతేనేం?

‘చేత్తో లాగి చూడండి సార్, కదిలితే అడగండి’ అంటాడు మేస్త్రీ. ఆయన అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే కదలదు. కానీ మనిషి చేత్తో లాగితే పడేది కొన్ని పదుల కిలోల బలం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేనికైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుందాం. లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకు 14 రెట్ల బలంతో ముందుకు దూకుతుంది. 15 కిలోల సీటు 210 కిలోలవుతుంది. డిక్కీలో 20 కిలోల సూట్‌కేసు ఉంటే అది 280 కిలోల దెబ్బ కొడుతుంది. ఆ సీటుకే ఉన్న బెల్టు పెట్టుకుని 65 కిలోల మనిషి కూర్చుంటే ఆయన బరువు తొమ్మిది వందల కిలోలు దాటుతుంది. ఇదంతా ఒకేసారి ఆ కడ్డీ మీదా, కింద రెండు బోల్టుల మీదా పడుతుంది. మేస్త్రీ చెయ్యి దీనికి కొలబద్ద కాదు.

కార్ల కంపెనీలు సీటును అమ్మకానికి పంపేముందు పెట్టే పరీక్షలు వింటే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 17వది సీట్ల బలానికి సంబంధించినది. దాని ప్రకారం సీటు బిగింపులు, లాకులు గురుత్వాకర్షణకు 20 రెట్ల తాకిడిని ఓర్చుకోవాలి. వెనక సీటుకు ఇంకో పరీక్ష కూడా ఉంది. డిక్కీలో ఒక్కోటి 18 కిలోల దిమ్మెలు రెండు పెట్టి, 50 కిలోమీటర్ల వేగంతో ఢీకొన్న స్థితి కల్పిస్తారు. దిమ్మెలు బ్యాక్‌రెస్ట్‌ను తోసుకుని మనుషుల మీదకు రాకూడదు, గొళ్లెం ఊడకూడదు. సీటు బెల్టు బిగింపుల కోసం 14వ నిబంధన ఉంది. మామూలు కార్లలో భుజం పట్టీని సుమారు 1,350 కిలోల బలంతో, నడుం పట్టీని మరో 1,350 కిలోల బలంతో ఒకేసారి లాగి చూస్తారు. మీరు కొన్న సీటు ఈ పరీక్షలన్నీ నెగ్గే ఉంటుంది. అయితే నెగ్గింది తన సొంత కారులో. మీ కారులో అది ఏ పరీక్షా రాయలేదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, చాలామంది గమనించనిది. కొత్త కార్లలో వెనక సీటు మధ్యలో కూర్చునేవారికి కూడా మూడు బిందువుల బెల్టు ఉంటోంది. కొన్నింట్లో ఆ బెల్టు చుట్ట సాక్షాత్తూ బ్యాక్‌రెస్ట్ లోపలే ఉంటుంది. అంటే బెల్టు పెట్టుకున్న మనిషి బరువంతా బ్యాక్‌రెస్ట్ మీదుగా గొళ్లేనికి, గొళ్లెం నుంచి బాడీకి పోతుంది. పాత కారులో దాన్ని బిగిస్తే, బెల్టు పెట్టుకుని నిశ్చింతగా కూర్చున్న మనిషే రేకును చింపుకుని సీటుతో సహా ముందుకొస్తాడు. అసలు బెల్టే లేకపోతే కనీసం జాగ్రత్తగా ఉంటాడు. ఉందన్న భ్రమ ఆ జాగ్రత్తను కూడా తీసేస్తుంది. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు వెనక సీట్లో బెల్టు ఎందుకు పెట్టుకోవాలో దేశమంతా మాట్లాడుకుంది. ఆ పాఠం సగమే మన తలకెక్కింది. బెల్టు పెట్టుకోవడం ఎంత ముఖ్యమో, ఆ బెల్టు రెండో కొస ఎక్కడుందో చూసుకోవడం అంత ముఖ్యం.

పిల్లల సంగతి ఇంకా ఘోరం. కొత్త సీట్ల అడుగున, కుషన్‌కూ బ్యాక్‌రెస్ట్‌కూ నడుమ, ఐసోఫిక్స్ గుర్తుతో రెండు చీలికలు కనిపిస్తాయి. పిల్లల సీటు కొక్కేలు అందులో దూరి లోపలి కడ్డీలను పట్టుకోవాలి. ఆ కడ్డీలు చాలా కార్లలో కారు బాడీకే ఉంటాయి, సీటుకు కాదు. పాత కారులోకి మార్చిన సీట్లో చీలిక ఉంటుంది, గుర్తు ఉంటుంది, వెనక ఏమీ ఉండదు. లేదా ఎవరో ఉత్సాహవంతుడు గుండ్రటి ఇనప ఊచ ఒకటి అతికించి ఉంటాడు. ఏమీ లేకపోవడం కన్నా అది ప్రమాదం, ఎందుకంటే కొక్కెం ‘టక్’మంటుంది, తల్లి నమ్ముతుంది.

సీటు మడిస్తే క్యాబిన్ డిక్కీతో కలవాలి. కలవాలంటే మధ్యలో ఉన్నదాన్ని కోయాలి. పాత కార్లలో వెనక సీటు వెనక ఉండే రేకు, అడ్డ పట్టీలు అలంకారానికి పెట్టినవి కావు. బండి గుంటలో పడ్డప్పుడు బాడీ మెలిపడకుండా పట్టి ఉంచేవి అవే. వాటిని గ్రైండర్‌తో కోసేశాక మొదట్లో ఏమీ తెలియదు. కొన్నాళ్లకు వెనక తలుపు సరిగ్గా పడదు, అద్దం మూలల్లో పగులు కనిపిస్తుంది, వెనక నుంచి కిర్రుమని చప్పుడు. ‘పాత బండి కదా’ అని సర్దిచెప్పుకుంటాం. పాతదవడం వల్ల కాదు, వెన్నెముక కోసినందువల్ల.

ఆ రేకుకు రెండో పని కూడా ఉంది. మన అంబాసిడర్లు, ఫియట్లలో ఎన్నో ఎల్‌పీజీ కిట్లకు మారాయి. సిలిండరు డిక్కీలో ఉంటుంది. గ్యాసు ఎక్కడైనా కారితే అది మనుషులున్న చోటికి రాకుండా ఆపేది ఆ అడ్డే. దాన్ని తీసేసి, స్పాంజి సీటొకటి అడ్డం పెట్టి, ముందు సీట్లో సిగరెట్ వెలిగించేవాళ్ల గురించి ఆలోచించండి. గ్యాసు కిట్ ఉన్న ఏ పాత కారులోనూ డిక్కీనీ క్యాబిన్‌నూ కలపకూడదు. ఇందులో ‘జాగ్రత్తగా చేయిస్తే ఫరవాలేదు’ అనే మాటకు తావే లేదు.

ముందు సీట్లు మార్చేవాళ్లూ ఉన్నారు. స్టీరింగ్ పక్కన గేరు ఉన్న పాత అంబాసిడర్లలో ముందు ఒకటే బెంచీ సీటు. దాన్ని తీసి రెండు విడి సీట్లు వేస్తారు. కొత్త సీటు పట్టాలు పాత నేలకు సరిపోవు కాబట్టి కింద చదరపు పైపులతో మెట్టు కడతారు. సీటు ఎంత ఎత్తున ఉంటే తాకిడి సమయంలో అంతగా వంగుతుంది. పది సెంటీమీటర్ల పైపు మెట్టు బోల్టుల మీద మీటలా పనిచేస్తుంది. పైగా కుషన్ వాలు మారిపోయి మనిషి బెల్టు కిందనుంచి జారిపోవచ్చు. ఆ కాలపు స్టీరింగ్ కడ్డీలు ఇప్పటివాటిలా దెబ్బకు కుంచించుకుపోయేవి కావు. సీటు రెండంగుళాలు ముందుకొచ్చినా ఛాతీకీ ఆ కడ్డీకీ మధ్య దూరం అంతే తగ్గుతుంది.

తుక్కు సీటు కొనేవాళ్లు, ముఖ్యంగా దాన్ని కోసి అతికే వెల్డర్లు, ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఖరీదైన కార్ల ముందు సీట్ల పక్క భాగంలో ఎయిర్‌బ్యాగ్ ఉండవచ్చు. కొన్నింట్లో బకిల్ దగ్గర బెల్టును ఒక్కసారిగా బిగించే చిన్న మందుగుండు గొట్టం ఉంటుంది. పేలకుండా మిగిలిపోయిన ఈ రెండూ సీటుతో పాటే వస్తాయి. సీటు కింద పసుపురంగు ప్లగ్గు, పసుపురంగు వైర్లు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. టెస్ట్ ల్యాంపు పెట్టకండి, దగ్గర్లో వెల్డింగ్ చేయకండి. పని నేర్చుకుంటున్న కుర్రాడి మొహం సరిగ్గా దాని ముందే ఉంటుంది.

వీటన్నిటికీ కింద తుప్పు ఉంది. దాని గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో నడిచిన కారు నేల రబ్బరు మ్యాట్ కింద ఏ స్థితిలో ఉందో స్క్రూడ్రైవరుతో పొడిస్తే తెలుస్తుంది. అది లోపలికి దిగితే కొత్త సీటు మాట తర్వాత, పాత సీటు కూడా అక్కడ ఉండకూడదు.

‘మా నాన్న ముప్పై ఏళ్లు ఇదే కారులో పదిమందిని ఎక్కించుకుని తిరిగాడు, ఏమైంది?’ అని అడిగేవాళ్లున్నారు. ఆ కాలపు రోడ్ల మీద ఆ బండి యాభై అరవై దాటడమే గొప్ప. ఇప్పుడదే బండి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతోంది. అక్కడ గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. 1990ల నాటి ఇసుజు ఇంజన్ ఉన్న అంబాసిడర్ అయితే ఆ వేగాన్ని అందుకోవడానికి ఉబలాటపడుతుంది కూడా. 50తో పోలిస్తే 120లో తాకిడి శక్తి దాదాపు ఆరు రెట్లు. పైగా నాన్నగారి సీటు చెక్కుచెదరని అడ్డ రేకుకు ఆనుకుని ఉండేది. గుంటపడ్డదే, కానీ కదిలేది కాదు.

చట్టం సంగతికి వద్దాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు, ఆర్సీలో నమోదైనవాటికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో చేర్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేసుకున్న యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పాడైన కుషన్ మార్చి రెక్సిన్ కట్టిస్తే ఎవరూ అడగరు. సీట్ల సంఖ్య మారినా, బాడీ కోసినా అది వేరే విషయం. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము నాడు మీ మెడకే చుట్టుకుంటుంది. అప్పుడు వచ్చే సర్వేయరు మేస్త్రీలా చేత్తో లాగి చూడడు, సీటు కింద ఫొటో తీస్తాడు.

కారుకు యాభై ఏళ్లు నిండితే నష్టం ఇంకో రకంగా కూడా ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. 20,000 రూపాయల రుసుముతో పదేళ్లకు చెల్లుబాటు, నంబరులో ‘వీఏ’ గుర్తు. రోజువారీ తిరగడానికి కాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ. దానికి మొదటి షరతే కారు మూలరూపంలో ఉండాలని. చాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదని. 1970ల నాటి అంబాసిడర్లు ఒక్కొక్కటిగా ఈ గీత దాటుతున్నాయి. ఇన్నేళ్లు కాపాడుకుని, గీత దాటే ఏడాది గ్రైండర్ పట్టడం ఏం తెలివి? చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుప్పచ్చ రోల్స్‌రాయిస్‌ను చూడటానికి జనం ఆగుతారు. దాని లోపల మడత సీట్లు వేసి ఉంటే ఆగుతారా?

కాబట్టి సుఖమైన సీటు కావాలంటే పాత సీటునే బాగు చేయించండి. ఫ్రేము, స్ప్రింగులు సరిచేయించి, పీచు స్థానంలో మంచి సాంద్రత ఉన్న స్పాంజి వేయించి, రెక్సిన్ కొత్తది కుట్టించవచ్చు. సీట్లు కట్టే పాత పనివాళ్లు ఇంకా ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కలో అడిగితే చూపిస్తారు. స్పాంజి, రెక్సిన్ కొనేటప్పుడు త్వరగా అంటుకోని వాహన రకం అడగండి. కారు లోపలి గుడ్డ, స్పాంజి నిమిషానికి 100 మిల్లీమీటర్లకు మించి కాలకూడదన్నది మన ప్రమాణం. సోఫా స్పాంజికి ఆ పట్టింపు లేదు.

బెల్టులు లేని కారుకు బెల్టులు పెట్టించడం మంచి పనే, పెట్టించాల్సిందే. కానీ బోల్టు వట్టి రేకుకు వేసి వాషరు బిళ్లతో సరిపెట్టడం కాదు. మోటారు రేసింగులో సీటు బిగించడానికి అంతర్జాతీయ సమాఖ్య నియమం ఇలా ఉంటుంది: సీటుకు కనీసం నాలుగు బిగింపులు, 8 మిల్లీమీటర్లకు తక్కువ కాని బోల్టులు, ప్రతి బోల్టు వెనకా 3 మిల్లీమీటర్ల మందం, 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ఉక్కు పలక. ఇది మామూలు కార్లకు చట్టం కాదు. రేకు మీద బలాన్ని ఎలా పరచాలో తెలియడానికి చెబుతున్నాం. బోల్టు తల మీద 8.8 అని గుర్తు లేకపోతే అది గేటుకు వాడే బోల్టు కావచ్చు.

రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలకూ ఒక మాట. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపుకు వచ్చినప్పుడు దీపాలూ పొగా చూసి పంపకండి. వెనక సీటు ఎత్తించి చూడండి, అడ్డ రేకు ఉందో లేదో చూడండి. అయిదు నిమిషాల పని అది. వెల్డింగ్ షెడ్ల మీద దాడులు చేయమని మేం అనడం లేదు. ఆ పనివాళ్లు అడిగింది చేసిపెట్టేవాళ్లు. వాళ్లకు ఏది కోయకూడదో చెప్పే ఒక్క పేజీ తెలుగులో అచ్చేసి ప్రతి షెడ్డు గోడకూ అంటిస్తే, జరిమానాల కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

ఇప్పటికే మడత సీటు వేయించిన వాళ్లు ముందుగా దాన్ని తీయించడం గురించి కాదు, పాత సీటు ఎక్కడుందో కనుక్కోవడం గురించి ఆలోచించాలి. షెడ్డువాళ్లు దాన్ని ఓ మూల పడేసి, వారానికో నెలకో తుక్కుకు తూచేస్తారు. ఆ ఫ్రేములు ఇక ఎక్కడా తయారు కావు. పోయి తెచ్చుకోండి. రెక్సిన్ చినిగినా, పీచు బయటికొచ్చినా, స్ప్రింగులు తెగినా ఫరవాలేదు. ఫ్రేము ఉంటే మిగతావి కట్టించుకోవచ్చు. కోసేసిన అడ్డ రేకు ముక్క కూడా దొరికితే వదలకండి. తిరిగి అతికేటప్పుడు కొలతలకు అదే ఆధారం.